నొప్పి ఉంది, పాయింట్లు చాలలేదట. లూపస్ ట్రయల్‌లోకి తీసుకోలేదు, ఇప్పుడేం చేయాలి?

చిరుగాలి (మొదటి టపా)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదివి వెళ్ళిపోయేదాన్ని, రాయడం ఇదే మొదటిసారి.

నాలుగేళ్ళుగా వేళ్ళ కణుపులు, మణికట్లు నొప్పి. పొద్దున్న లేచాక గంటసేపు పిడికిలి పట్టదు. నోట్లో పుళ్ళు వస్తాయి, పోతాయి. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా వచ్చేస్తుంది. ఏఎన్‌ఏ పరీక్ష (సొంత కణాల మీదే తిరగబడే యాంటీబాడీలు రక్తంలో ఉన్నాయా అని చూసేది) రెండుసార్లు చేయించాను, రెండుసార్లూ పాజిటివ్, 1:160. అంటే 160 రెట్లు పలచన చేసినా కనిపించాయట. ఒక డాక్టరు లూపస్ కావచ్చు అన్నారు, ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే జబ్బట. ఇంకొకరు "ఇంకా తేలని కనెక్టివ్ టిష్యూ జబ్బు" అని రాశారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందు వాడుతున్నాను. కొంత తెరిపి ఉంది, పూర్తిగా లేదు.

పోయిన నెల లూపస్‌కి ఒక కొత్త మందు ట్రయల్ నడుస్తోందని తెలిసి వెళ్ళాను. దానికి పాయింట్ల లెక్క ఉంది. నేను ముందే చదువుకుని వెళ్ళాను: కీళ్ళకి 6, నోటిపుళ్ళకి 2, జుట్టుకి 2. మొత్తం 10. పది వస్తే చాలని రాసి ఉంది. వాళ్ళు ఎనిమిదే అన్నారు. ఎందుకో సరిగ్గా చెప్పలేదు, "ప్రమాణాలకి సరిపోలేదు" అని ఒక కాగితం ఇచ్చి పంపేశారు.

ఇంటికి వచ్చి చాలాసేపు ఏడ్చాను. నాలుగేళ్ళుగా "ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అనే మాట విన్నాను. ఇప్పుడు ఆ మాటనే అంకెల్లో విన్నట్టుంది. నాకు జబ్బు లేదనా వాళ్ళ అర్థం? నా లెక్క ఎక్కడ తప్పింది?

---

వెన్నెలదారి

చిరుగాలి తల్లీ, ముందు ఒక మాట. నీ నొప్పి నిజం. ఎవరి కాగితమూ దాన్ని చెరపలేదు.

నాకు లూపస్ అని తేలడానికి ఆరేళ్ళు పట్టింది. కిడ్నీ దాకా వెళ్ళాక తేలింది. తర్వాత ఒక ట్రయల్‌లో రెండేళ్ళున్నాను కూడా. అందులో నేను చూసినవి తర్వాత రాస్తాను. పాయింట్ల సంగతి మన నాడి గారు చెబితే బాగుంటుంది, ఆవిడ చూసేది ఈ జబ్బులే.

ఒక్కటి అడుగుతాను, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష ఎప్పుడు చేయించావు?

---

చిరుగాలి

అక్కా, ఏడాదిన్నర క్రితం అనుకుంటా. అప్పుడు బాగానే ఉందన్నారు.

---

నాడి

చిరుగాలి గారూ, మీ లెక్క తప్పిన చోటు చిన్నది. కానీ అది ఎవరూ విడమరిచి చెప్పకపోవడం నాకు బాధగా ఉంది, ఎందుకంటే చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.

మీరు చూసినది 2019లో యూరప్, అమెరికా రుమటాలజీ (కీళ్ళు, ఇలాంటి రక్షణ వ్యవస్థ జబ్బులు చూసే వైద్యం) సంఘాలు కలిసి ఇచ్చిన పద్ధతి. ఏఎన్‌ఏ ఒక్కసారైనా 1:80 లేదా అంతకు మించి వచ్చి ఉండాలి, అది గడప. గడప దాటాక లక్షణాలకి పాయింట్లు. అయితే లక్షణాలని గదులుగా విడదీశారు. చర్మం, జుట్టు, నోటి లోపలి పొర అన్నీ ఒకే గదిలోవి. ఒక గదిలో ఎన్ని ఉన్నా, అన్నిటికంటే ఎక్కువ పాయింట్లున్న ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకుంటారు. నోటిపుళ్ళకి 2, జుట్టు రాలడానికి 2, రెండూ ఉన్నా 2 మాత్రమే. కీళ్ళవి 6. అందుకే 8.

ఇక అసలు విషయం. ఇవి వర్గీకరణ ప్రమాణాలు, నిర్ధారణ ప్రమాణాలు కావు. ఈ రెండు మాటలూ పక్కపక్కనే తిరుగుతుంటాయి కాబట్టి డాక్టర్లలో కూడా కొందరు కలిపేస్తారు. వర్గీకరణ పరిశోధన కోసం పుట్టింది. ఒక మందు పనిచేస్తుందో లేదో తేల్చాలంటే ట్రయల్‌లో ఉన్నవాళ్ళందరికీ ఉన్నది ఒకే జబ్బని గట్టి నమ్మకం ఉండాలి. అందుకని కంచె కాస్త బిగువుగా వేస్తారు. నిర్ధారణ అలా కాదు. అది నా ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషి గురించి, ఆ మనిషి చరిత్ర మొత్తం చూసి డాక్టరు తీసుకునే నిర్ణయం. పది పాయింట్లు రాని లూపస్ రోగులకి నేను లూపస్ వైద్యమే చేస్తున్నాను. ఆ పద్ధతిని పరీక్షించినప్పుడే లూపస్ ఉన్నవాళ్ళలో 96.1 శాతాన్ని పట్టుకుంది, లేనివాళ్ళలో 93.4 శాతాన్ని సరిగ్గా పక్కన పెట్టింది. అంటే నిపుణులు ఒప్పుకున్న లూపస్ రోగుల్లోనే నూటికి నలుగురు దాని చేతికి దొరకలేదు.

కాబట్టి "ఈ ట్రయల్ కంచె లోపలికి మీరు రాలేదు" అన్నదే ఆ కాగితం అర్థం. "మీకు జబ్బు లేదు" అని కాదు.

---

రావిచెట్టు

నాకు ఈ ట్రయల్స్ మీదే నమ్మకం తక్కువ. బయట పడేసినందుకు ఆ అమ్మాయి సంతోషించాలి అనిపిస్తోంది. మనుషుల మీద ప్రయోగాలు చేసి, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూస్తూ కూర్చోవడం ఏం వైద్యం? మందు మంచిదని తెలిస్తే అందరికీ ఇవ్వొచ్చు కదా. మా ఇంట్లో షుగర్ మనిషి ఉంది, ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. డాక్టరు చూసి, అనుభవంతో మందు మారుస్తాడు. దానికి ట్రయల్ ఎందుకు?

---

గుణింతం

రావిచెట్టు గారూ, మీరు షుగర్ ఎత్తారు కాబట్టి అక్కడి నుంచే చెబుతాను. నా పని ట్రయల్స్ లెక్కలు చూడటం.

రక్తంలో చక్కెర ఎక్కువైతే గుండె, కిడ్నీ, కళ్ళు పాడవుతాయి. అయితే దాన్ని ఎంత తగ్గిస్తే అంత మంచిది కదా? తెలివైన డాక్టర్లు అందరూ అలాగే అనుకున్నారు, అనుభవం కూడా అదే చెప్పింది. అమెరికా, కెనడాల్లో ఎకార్డ్ అని ఒక పెద్ద ట్రయల్ పెట్టారు. 10,251 మంది. సగం మందికి మామూలు లక్ష్యం, సగం మందికి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెర చెప్పే అంకె) 6 కంటే కిందికి దించాలన్న కఠిన లక్ష్యం. దించారు కూడా, అంకె చక్కగా తగ్గింది. కానీ 2008 ఫిబ్రవరిలో ఆ కఠిన వైద్యాన్ని మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ఆ గుంపులో 257 మంది చనిపోయారు, మామూలు గుంపులో 203 మంది.

ఒక్కొక్క డాక్టరు తన గదిలో కూర్చుని ఈ తేడాని ఎన్నటికీ చూడలేడు. వంద మంది రోగుల్లో ఒక మరణం ఎక్కువైతే అది విధి అనిపిస్తుంది. రెండు గుంపులూ పక్కపక్కన ఉండబట్టే కనిపించింది. "మందు మంచిదని తెలిస్తే అందరికీ ఇవ్వొచ్చు కదా" అన్నారు. ఆ తెలియడమే ట్రయల్ పని.

---

రావిచెట్టు

ఇది నాకు తెలియదు. మా ఆవిడకి కూడా ఒక దశలో చక్కెర బాగా పడిపోయి చెమటలు పట్టి కూలబడింది, అప్పటి నుంచి డాక్టరు లక్ష్యం 7 దగ్గర పెట్టాడు. ఎందుకు సడలించాడా అని మనసులో అనుకునేవాణ్ణి. సరే. కానీ ఉత్తుత్తి మాత్ర సంగతి?

---

తమ్ముడి_కోసం

ఆ ప్రశ్నకి నేను జవాబు చెబుతాను. ఆ జవాబు మా ఇంట్లోకి కన్నీళ్ళతో వచ్చింది.

మా తమ్ముడికి ఎంఈ/సీఎఫ్ఎస్. తెలియనివాళ్ళ కోసం: ఇది మామూలు అలసట కాదు. స్నానం చేస్తే రెండు రోజులు మంచం మీదే. కొంచెం శ్రమ చేసినా మర్నాడో, ఆ మర్నాడో కుప్పకూలిపోవడం దీని గుర్తు. రక్తపరీక్షతో తేలేది కాదు. వాణ్ణి ఎందరు బద్ధకస్తుడన్నారో లెక్కలేదు.

2011లో నార్వే డాక్టర్లు రిటుక్సిమాబ్ అనే మందుని 30 మంది రోగుల మీద చూశారు. మందు తీసుకున్న 15 మందిలో మూడింట రెండొంతుల మంది మెరుగయ్యారు, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళలో ఇద్దరే. మేము ఎగిరి గంతేశాం. ప్రపంచమంతా రోగులు డబ్బు పోగు చేసి మరీ తర్వాతి పరిశోధనకి పంపారు. మాకు ఆ మందు ఇప్పుడే ఎక్కించండి అని ఎందరినో బతిమాలాం. ఎవరూ ఒప్పుకోలేదు, అప్పుడు తిట్టుకున్నాం.

అదే బృందం పెద్ద ట్రయల్ చేసింది, 151 మందితో. 2019లో ఫలితం వచ్చింది. మందు తీసుకున్నవాళ్ళలో 26 శాతం మెరుగయ్యారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళలో 35 శాతం.

ఆ రోజు తమ్ముడు ఏమీ మాట్లాడలేదు. కానీ ఆలోచించండి, ఆ రెండో ట్రయల్‌లో పోల్చి చూసే గుంపు లేకపోతే? "నలుగురిలో ఒకరికి నయమైంది" అని చెప్పి ఈ మందు ఇప్పటికీ ఎక్కించేవాళ్ళు. ఒంట్లో రక్షణ కణాల్ని తుడిచేసే మందు అది, ఇన్‌ఫెక్షన్ల ప్రమాదం ఉంది. నిరాశపరిచే ఫలితాన్ని దాచకుండా అచ్చువేసిన ఆ డాక్టర్ల మీద నాకు ఇప్పుడు గౌరవం ఉంది.

---

చిరుగాలి

మీ తమ్ముడు ఎలా ఉన్నాడిప్పుడు?

---

తమ్ముడి_కోసం

శక్తిని కొలిచి వాడుకోవడం నేర్చుకున్నాడు. రోజూ పెంచుకుంటూ పోయే వ్యాయామం చేయించమని మొదట్లో సలహా ఇచ్చారు, దాంతో ఇంకా దిగజారాడు. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2021 మార్గదర్శకాల్లో ఆ రకం వ్యాయామాన్ని వైద్యంగా ఇవ్వొద్దని రాసింది. దానికి ముందు పదేళ్ళు ఆ సలహా వెనక ఒక పెద్ద ట్రయల్ ఉండేది. ఎవరికి ఏది ఇస్తున్నారో రోగి నుంచి దాచలేని వైద్యం అది, పైగా ఫలితం రోగి నింపే ప్రశ్నాపత్రం మీద ఆధారపడింది. నడుస్తూ ఉండగా మెరుగుదలకి గీసిన గీత కూడా మార్చారు. రోగులే ఏళ్ళ తరబడి పట్టుబట్టి డేటా బయటికి తెప్పించారు. అడిగి అందులో ఏముందో చూసే హక్కు మనకుంది. అది చెప్పడానికే ఇంత రాశాను.

---

గుణింతం

తమ్ముడి_కోసం గారు చెప్పినదానికి ఒక చిన్న చేర్పు. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళు ఎందుకు మెరుగవుతారు? మనసు ప్రభావం ఒక్కటే కాదు. లూపస్, కీళ్ళవాతం, ఎంఎస్ (మెదడు, నరాల జబ్బు) లాంటివి అలల్లాగా వచ్చిపోయే జబ్బులు. మనిషి డాక్టరు దగ్గరికి పరిగెత్తేది అల ఎత్తుగా ఉన్నప్పుడే. ట్రయల్‌లో చేరేదీ అప్పుడే. ఏమీ చేయకపోయినా అల కాస్త దిగుతుంది. ఆ సమయంలో ఏ మందు చేతిలో ఉంటే దానికి పేరొస్తుంది. దీర్ఘకాల జబ్బుల్లో ఒంటరి అనుభవాన్ని నమ్మడం కష్టం అనేది ఇందుకే. అనుభవం అబద్ధమని కాదు.

---

మిణుగురు

నేను ట్రయల్ కోఆర్డినేటర్‌గా చేస్తున్నాను, వేరే జబ్బులకి. రావిచెట్టు గారి ఉత్తుత్తి మాత్ర గురించి ఒక వివరం: లూపస్ ట్రయల్స్‌లో సాధారణంగా ఒట్టి ప్లాసిబో (ఉత్తుత్తి మందు) మీద ఎవరినీ వదిలేయరు. అందరూ తాము వాడుతున్న మందులు కొనసాగిస్తారు. దాని పైన కొత్త మందు ఒక గుంపుకి, ప్లాసిబో ఇంకో గుంపుకి. పనిచేసే వైద్యం ఉన్న జబ్బులో దాన్ని ఆపి రోగిని ప్రమాదంలో పెట్టడం మనుషుల మీద పరిశోధనకి హద్దులు గీసిన 1964 నాటి హెల్సింకి ప్రకటన నుంచి వస్తున్న నీతికి విరుద్ధం.

చిరుగాలి గారూ, మీకు ఇంకో సంగతి చెప్పాలి. పది పాయింట్లు వచ్చినా తలుపు తెరుచుకునేది కాదేమో. ఇలాంటి ట్రయల్స్‌లో సాధారణంగా రెండో కొలత ఉంటుంది, జబ్బు ఇప్పుడు ఎంత చురుగ్గా ఉందో చూసేది. స్లీడాయ్ అంటారు. చాలా చోట్ల 6 ఉండాలంటారు. తమాషా కాదు, నిజంగానే చెబుతున్నాను: ఆ లెక్కలో కీళ్ళ వాపుకి 4, నోటిపుళ్ళకి 2, జుట్టుకి 2 విడివిడిగా వేస్తారు. అంటే అక్కడ మీకు 8 వచ్చి పాసవుతారు. ఒకటి "ఇది లూపసేనా" అని అడుగుతుంది, రెండోది "ఇవాళ ఎంత మండుతోంది" అని అడుగుతుంది. మీరు ఈ రెండోది కూడా అక్కడ అడిగి తెలుసుకోండి. కాగితం ఇచ్చి పంపేయడం మా వైపు లోపం. స్క్రీనింగ్‌లో ఆగిపోయిన ప్రతి మనిషికీ ఎందుకు ఆగిపోయారో చెప్పాలి, మీరు రక్తమిచ్చారు, ఒక రోజు ఇచ్చారు.

---

చిరుగాలి

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. నాలుగుసార్లు చదివాను.

మరి నాడి గారూ, ఏఎన్‌ఏ పాజిటివ్ అయితే జబ్బున్నట్టు కాదా? ఆ రిపోర్టు చూసే కదా లూపస్ అన్నారు.

---

నాడి

> ఏఎన్‌ఏ పాజిటివ్ అయితే జబ్బున్నట్టు కాదా?

కాదండీ. ఈ ఒక్క పరీక్ష వల్ల పోయిన నిద్రలు ఎన్నో.

1997లో వచ్చిన ఒక పరిశోధనలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తాన్ని పలు లాబొరేటరీల్లో చూశారు. 1:40 దగ్గర 31.7 శాతం మంది పాజిటివ్. 1:80 దగ్గర 13.3 శాతం. 1:160 దగ్గర 5 శాతం. వీళ్ళెవరికీ జబ్బు లేదు.

ఒక లెక్క వేద్దాం. పదివేల మంది ఉన్నారు, వాళ్ళలో పది మందికే లూపస్ ఉందనుకుందాం. 1:80 దగ్గర ఆ పది మందీ దాదాపుగా పాజిటివ్ వస్తారు. మిగతావాళ్ళలో ఇంచుమించు 1,300 మంది కూడా పాజిటివ్ వస్తారు. ఆ 1,300 మందికీ లూపస్ అని చెప్పేద్దామా? అందుకే లక్షణాలు లేకుండా ఊరికే ఏఎన్‌ఏ చేయించొద్దంటాం. ఏఎన్‌ఏ నెగెటివ్ అయితే లూపస్ కాదని చాలావరకు ధైర్యంగా చెప్పొచ్చు. పాజిటివ్ అయితే తలుపు తెరుచుకుంది, అంతే.

మీ విషయం వేరు. మీకు కీళ్ళ నొప్పులున్నాయి, పొద్దుటి బిగువుంది, పుళ్ళున్నాయి. లక్షణాలు ముందు, రిపోర్టు తర్వాత. ఆ వరుసలో వచ్చిన 1:160కి బరువుంది. యాంటీ డీఎస్-డీఎన్‌ఏ, యాంటీ ఎస్ఎం (లూపస్‌లో ప్రత్యేకంగా కనిపించే యాంటీబాడీలు), సీ3, సీ4 (లూపస్‌లో తగ్గిపోయే రక్తంలోని ప్రోటీన్లు) చూశారా? తెల్లకణాలు ఎప్పుడైనా 4,000 కంటే తగ్గాయా?

ఇది ఎందుకు అడుగుతున్నానంటే, ఆ ప్రమాణాల్లో చాలామంది చూడని ఒక వాక్యముంది. లక్షణాలన్నీ ఒకేసారి ఉండనక్కర్లేదు. ఎప్పుడైనా ఒకసారి నమోదైతే చాలు. మూడేళ్ళ కిందటి రిపోర్టు కూడా లెక్కే. అయితే దానికి ఇంకో కారణం ఎక్కువ సబబుగా కనిపిస్తే లెక్కపెట్టకూడదు.

పాత ఫైళ్ళు పారేయలేదు కదా?

---

చిరుగాలి

అట్టపెట్టె ఒకటి ఉంది, అటక మీద. ఆదివారం దింపుతాను.

---

వెన్నెలదారి

దింపు తల్లీ. దింపేటప్పుడు తేదీల వారీగా పేర్చు. నా కిడ్నీ సంగతి అలాంటి పెట్టెలోనే ఉండిపోయింది. రెండేళ్ళ ముందే మూత్రంలో ప్రోటీన్ "ప్లస్" అని ఒక కాగితం మీద ఉంది. నలుగురు డాక్టర్లు మారాను, ఆ కాగితం నలుగురిలో ఒక్కరి కంటా పడలేదు. నేను చూపించలేదు, వాళ్ళు అడగలేదు. కిడ్నీ నొప్పి పెట్టదమ్మా, చప్పుడు లేకుండా పోతుంది. అందుకే మూత్రం పరీక్ష గురించి మొదటే అడిగాను.

ట్రయల్ సంగతి చెబుతానన్నాను. నేను చేరిన ట్రయల్ గెలవలేదు. మందు పనికిరాలేదని తేలింది. నాకు వచ్చింది మందో, ప్లాసిబోనో చివర్లో చెప్పారు, మందే. నేను మొదటి ఏడాది బాగానే ఉన్నాను, అందువల్ల ఆ మందు ఆపేస్తామన్నప్పుడు కోపమొచ్చింది. "నాకు పనిచేసింది కదా" అని పోట్లాడాను. గుణింతం బాబు రాసిన అలల మాట ఇప్పుడు చదువుతుంటే ఆ ఏడాది నా అల దిగి ఉండొచ్చేమో అనిపిస్తోంది. ఎప్పటికీ తెలియదు. కానీ ఆ రెండేళ్ళలో నెలనెలా నన్ను చూశారు. నా కిడ్నీ నిలబడటానికి అంత దగ్గరి చూపు కూడా కారణమని నా నమ్మకం.

---

రావిచెట్టు

అమ్మా, ఓడిపోయిన ట్రయల్‌లో రెండేళ్ళు పెట్టారు. చింత లేదా?

---

వెన్నెలదారి

లేదన్నయ్యా. ఆ మందు నా తర్వాతివాళ్ళకి ఇవ్వలేదు కదా.

---

గుణింతం

ఓడిపోవడం అన్నదాన్ని కూడా జాగ్రత్తగా చూడాలి. లూపస్‌లో కొలబద్ద మారితే ఫలితం మారిన సందర్భం ఉంది. అనిఫ్రోలుమాబ్ అనే మందుకి రెండు పెద్ద ట్రయల్స్ జరిగాయి. మొదటిదాంట్లో ఎస్ఆర్ఐ-4 అనే కొలతతో చూస్తే మందు గుంపులో 36 శాతం, ప్లాసిబో గుంపులో 40 శాతం మెరుగయ్యారు. అంటే ఓటమి. రెండోదాంట్లో గుట్టు విప్పకముందే ప్రధాన కొలతని బిక్లా అనే ఇంకోదానికి మార్చుకున్నారు. 47.8 శాతం, 31.5 శాతం. గెలుపు. 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది.

"గుట్టు విప్పకముందే" అన్న మాట మీద నా బరువంతా వేస్తున్నాను. ఎవరికి ఏ మందు వెళ్ళిందో తెలిశాక కొలత మార్చితే అది బాణం వేశాక చుట్టూ గిరి గీయడం. తెలియకముందు మార్చితే, కారణం చెప్పి మార్చితే, ఒప్పుకోవచ్చు. ఇది బయటివాళ్ళు చూడగలిగేది ఎలా? ట్రయల్ మొదలవకముందే రిజిస్ట్రీలో ప్రధాన కొలత రాసిపెడతారు. అలాంటి రిజిస్ట్రీ, క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ అనే వెబ్‌సైటు, 2000 నుంచి ఉంది. ఎవరైనా తెరిచి చూడొచ్చు, ఎప్పుడు ఏం మార్చారో కూడా అందులో కనిపిస్తుంది.

లూపస్‌ని కొలవడం అంత కష్టం. ఒకరికి చర్మం, ఒకరికి కిడ్నీ, ఒకరికి మెదడు. చర్మం తగ్గి కీళ్ళు పెరిగితే బాగయినట్టా, కానట్టా? 2011లో బెలిముమాబ్ వచ్చేదాకా యాభై ఏళ్ళకు పైగా లూపస్ కోసమని అనుమతి పొందిన కొత్త మందే లేదు. శాస్త్రం నిద్రపోయి కాదు, కొలబద్ద కుదరకపోవడం అందులో పెద్ద కారణం.

---

కొత్తచిగురు

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా అక్కకి లూపస్. కార్-టీ కణాల వైద్యంతో లూపస్ పూర్తిగా పోతుందని వీడియోలు చూస్తున్నాం. ఇల్లమ్మి అయినా చేయించాలని నాన్న అంటున్నారు. నిజమేనా?

---

నాడి

కొత్తచిగురు గారూ, ముందు ఇల్లు అమ్మొద్దని నాన్నగారికి చెప్పండి. తొందర లేదు.

వార్త నిజమే, గొప్పదే. జర్మనీలో ఎర్లాంగెన్ వైద్యుల బృందం చేసింది. రోగి సొంత టీ కణాల్ని (ఒక రకం రక్షణ కణాలు) బయటికి తీసి, యాంటీబాడీలకి మూలమైన బీ కణాల్ని వేటాడేలా మార్చి, తిరిగి ఎక్కిస్తారు. 2024లో 15 మంది ఫలితాలు వచ్చాయి. ఎనిమిది మంది లూపస్, ముగ్గురు కండరాల వాపు జబ్బు, నలుగురు చర్మం గట్టిపడే స్క్లెరోడెర్మా. లూపస్ ఉన్న ఎనిమిది మందిలోనూ జబ్బు అణిగిపోయింది, రోగనిరోధకతని అణిచే మందులన్నీ ఆపగలిగారు. ఈ వృత్తిలో ఇంత ఆశ కలిగించిన కాగితాలు నేను ఎక్కువ చదవలేదు.

కానీ ఆ పదిహేను మందీ తీవ్రమైన జబ్బుతో, ఇతర మందులు పనిచేయనివాళ్ళు. పోల్చి చూసే గుంపు లేదు. సగటున గమనించింది ఏడాది పైచిలుకు. పైన తమ్ముడి_కోసం గారు రాసిన నార్వే కథ మళ్ళీ చదవండి. ఇది కూడా అలాగే అవుతుందని నేను అనడం లేదు. ఈ ఫలితం దానికంటే చాలా గట్టిది. అయినా తేల్చే ట్రయల్స్ ఇంకా నడుస్తున్నాయి. అక్కకి ఏ మందులు వాడారో, కిడ్నీ ఎలా ఉందో చూసి వాళ్ళ డాక్టరే చెప్పాలి. ట్రయల్‌లో భాగంగా చేస్తే సాధారణంగా పరీక్షా మందుకి డబ్బు అడగరు. డబ్బు తీసుకుని "ప్రయోగాత్మకం" అని ఎక్కిస్తామంటే లేచి వచ్చేయండి.

---

చర్చా నిర్వాహకుడు

కార్-టీ గురించి విడిగా దారం తెరిచాను, ఆ ప్రశ్నలు అక్కడ అడగండి. ఇక్కడ ఎవరూ మందు మోతాదులు సూచించవద్దు.

---

చిరుగాలి

ఆదివారం పెట్టె దింపాను. రాత్రి పన్నెండయింది ముగిసేసరికి. నాలుగేళ్ళ కాగితాలు తేదీల వారీగా పేర్చాను.

తెల్లకణాలు 4,000 కంటే తక్కువ ఉన్నవి మూడు దొరికాయి. 3,400, 3,100, 3,600. ఎవరూ ఎప్పుడూ వాటి గురించి మాట్లాడలేదు. తెల్లకణాలు తగ్గితే 3 పాయింట్లు, 8కి 3 కలిపితే 11 కదా అని ఒక్క క్షణం కళ్ళు తిరిగాయి. తర్వాత నాడి గారి మాట గుర్తొచ్చింది, వేరే కారణం ఉంటే లెక్కపెట్టకూడదని. మొదటి రెండూ నేను జ్వరంతో పడి ఉన్నప్పటివి. మూడోది మాత్రం మామూలు పరీక్ష, అప్పుడు జ్వరం లేదు, నా డైరీలో చూసి చెబుతున్నాను.

సీ3, సీ4 ఒక్కసారి కూడా చేయించలేదు. మూత్రం ఏడాదిన్నర కాదు, రెండేళ్ళయింది.

---

నాడి

జ్వరంతో ఉన్నప్పటివి పక్కన పెట్టేయండి, వైరస్ జ్వరాల్లో తెల్లకణాలు పడిపోవడం మామూలే. 3,600 నాకు ఆసక్తిగా ఉంది. ఏ మందు వల్ల తగ్గిందో కూడా చూడాలి, ఆ నెలలో ఏం వాడారో రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని మీ రుమటాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. సీ3, సీ4, డీఎస్-డీఎన్‌ఏ, మూత్రంలో ప్రోటీన్‌కి క్రియాటినిన్‌తో నిష్పత్తి అడగండి. చివరిది ట్రయల్ కోసం కాదు, మీ కోసం.

ఇంకొకటి. మీకు వైద్యం ఇప్పటికే నడుస్తోంది. పేరు తేలకపోయినా మీరు వాడుతున్నది సరైన మందే. కళ్ళ పరీక్ష ఒకసారి అయిందా? హైడ్రాక్సీక్లోరోక్విన్ మొదలుపెట్టిన కొత్తలో ఒకసారి, అయిదేళ్ళ తర్వాత ఏటా చేయించాలి.

---

మిణుగురు

ఆ ట్రయల్‌లో మళ్ళీ స్క్రీనింగ్ చేసే వీలుందో అడగండి. చాలా ప్రోటోకాల్స్‌లో ఒకసారి అవకాశమిస్తారు. పిలిస్తే సమ్మతి పత్రం అక్కడికక్కడ సంతకం చేయకండి, ఇంటికి తెచ్చుకోండి. ప్రధాన కొలత ఏమిటి, దేనితో పోలుస్తున్నారు, స్టీరాయిడ్ వాడుతుంటే తగ్గించమంటారా, మధ్యలో జబ్బు ఎగిసిపడితే ఏం చేస్తారు, ఫలితం నాకు చెబుతారా, ఇవి అడగండి. ఏ రోజైనా బయటికి రావచ్చు, కారణం చెప్పక్కర్లేదు, మామూలు వైద్యం ఆగకూడదు.

---

రావిచెట్టు

"సమ్మతి పత్రం ఇంటికి తెచ్చుకోవచ్చు" అన్నది నాకు కొత్త సంగతి. నేను ట్రయల్ అంటే సంతకం పెట్టించుకుని లోపల పడేయడం అనుకున్నాను. మా ఆవిడకి కూడా ఈ దారం చదివి వినిపించాను.

---

చిరుగాలి (పదిహేను రోజుల తర్వాత)

డాక్టరు గారిని కలిశాను. పేర్చిన కాగితాలు చూసి ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నారు, నాలుగేళ్ళలో అలా జరగడం ఇదే మొదటిసారి.

సీ3 తక్కువ, సీ4 మామూలు. డీఎస్-డీఎన్‌ఏ నెగెటివ్. మూత్రం శుభ్రంగా ఉంది, వెన్నెలదారి అక్కకి ముందుగా చెబుతున్నాను. 3,600ని ఆయన కొంచెం అనుమానంగానే చూశారు, ఆ నెలలో నేను వాడిన యాంటీబయాటిక్ ఒకటి ఉందని డైరీలో తేలింది. దాన్ని లెక్కపెట్టను అన్నారు. నాకు కోపం రాలేదు, ఎందుకో తెలిసింది కాబట్టి. సీ3 తగ్గినందుకు 3 పాయింట్లు. పాత 8తో కలిపి మొత్తం 11.

"లూపస్" అని రాశారు. పేరు చూశాక భయమేస్తుందనుకున్నాను. ఇంటికి వచ్చి నిద్రపోయాను.

ట్రయల్ వాళ్ళు మళ్ళీ రమ్మన్నారు, బుధవారం. మిణుగురు గారి ప్రశ్నలు కాగితం మీద రాసుకున్నాను. ప్రధాన కొలత రిజిస్ట్రీలో చూశాను, బిక్లానే. చేరతానో లేదో ఇంకా తెలియదు. పెట్టె మాత్రం అటక మీద పెట్టలేదు, మంచం పక్కన ఉంది.

---

వెన్నెలదారి

మూత్రం శుభ్రంగా ఉందన్న ఒక్క మాట మూడుసార్లు చదివాను తల్లీ. మళ్ళీ మూడు నెలలకి చేయించు. నేను గుర్తుచేస్తాను.